ఆ బొమ్మను ముట్టేది ఎవరు? (వాడ నుంచి బడి దాకా – 11)



పోయిన భాగం చదివి ఒక మిత్రుడు ఫోన్ చేసిండు. మంచి మనిషి, ముప్పై ఏండ్ల నుంచి ఉద్యమాల్లో ఉన్నోడు. "అన్నా, సర్కారు బడి పిల్లలకు తెలుగు చదువుడే సక్కగ వస్తలేదు. నువ్వేమో నంగునూరు పోయి కోడింగ్ అంటున్నవట. మనం గూడ కార్పొరేటోళ్ళ పాటే పాడితే ఎట్ల?" అన్నడు. ఫోన్‌లో జవాబు చెప్తే పోట్లాట అయితది. అందుకే రాస్తున్న. కొంచెం పొడుగైతది, ఓపికతో చదవండి.

ముందు అక్కడ ఏం జరిగిందో చెప్తా.

నంగునూరు మండలంలో ఒక ఊరు. ఊరి పేరు, బడి పేరు చెప్పను. ఆ సారు చెడ్డోడేం కాదు, బద్నాం చేసుడు నా పని కాదు. ప్రాథమిక పాఠశాల, ఒకటి నుంచి ఐదు దాకా కలిపి ఇరవై ముగ్గురు పిల్లలు. ఊర్లో నాలుగు పైసలున్నోళ్ళ పిల్లలు పొద్దున్నే పసుపు పచ్చ బస్సెక్కి సిద్దిపేటకు పోతరు. మిగిలింది మాదిగ వాడ పిల్లలు, మాల వాడ పిల్లలు, వడ్డెరోళ్ళ పిల్లలు, ఇంకో ఐదారుగురు బీసీల పిల్లలు. ఆ ఊరి నుంచి అమెరికా పోయిన కుటుంబం ఒకటి బడికి ఒక బొమ్మ పంపింది. తేనెటీగ ఆకారం, అరచేతి కంటే కొంచెం పెద్దది, కింద చక్రాలు. వీపు మీద బాణాల బటన్లు: ముందుకు, వెనక్కు, కుడికి తిరుగు, ఎడమకు తిరుగు. నడుమ ఒక పచ్చ బటన్. ముందు బాణాలు వరుసగా నొక్కి పెట్టాలె, అప్పటిదాకా అది కదలదు. పచ్చ బటన్ నొక్కినంక ఆ వరుస ప్రకారం నడుస్తది. కంప్యూటర్ అక్కరలేదు, ఇంటర్నెట్ అక్కరలేదు, చదువుడు రాకున్నా ఏం కాదు. ఇట్లాంటి బొమ్మల్లో ఎక్కువ మందికి తెలిసింది బీ-బాట్. ఇంగ్లండ్‌లో చాలా బడుల్లో ఐదేండ్ల పిల్లలు ఇట్లాంటి బొమ్మలతోనే మొదలుపెడతరు.

నేనూ, సిద్దిపేటలో డిగ్రీ చదివే ఒక చెల్లె, ఒక తమ్ముడు కలిసి పోయినం. వరండాలో సుద్దముక్కతో గళ్ళు గీసినం, తొక్కుడుబిళ్ళకు గీసినట్టే. ఒక గడిలో చెట్టు, ఒక గడిలో బావి, ఒక గడిలో ఇల్లు. బొమ్మను బావి దగ్గరికి పంపాలె.

సారు "లీడర్, నువ్వు రా" అన్నడు. లీడర్ కిరాణం దుకాణమాయన కొడుకు. ముందుకు బాణం నాలుగు సార్లు నొక్కిండు, బొమ్మ చెట్టు దాకా పోయింది. చప్పట్లు. అతని తర్వాత అతని పక్కోడు రావాలె, వాడి తర్వాత వాడి పక్కోడు. బొమ్మ ఒక్కటే, బడి ఇరవై ముగ్గురిది. ఇట్లాంటి చోట వరుస తనంతట తనే తయారైతది. ఎవరూ చెప్పనక్కరలేదు. ముందు ఎవరు, వెనుక ఎవరు అన్నది పిల్లలకు మనకంటే బాగా తెలుసు.

వెనుక గోడకు ఆనుకొని ఒక పిల్ల కూర్చున్నది. మూడో తరగతి, మాదిగ వాడ. అందరూ బొమ్మ మీద పడుతుంటే ఆమె లేవలేదు. కానీ వేళ్ళు కదులుతున్నయ్. గళ్ళు లెక్కపెడుతున్నది. చెల్లె చూసి "నువ్వు రావే" అని చెయ్యి పట్టి తీసుకొచ్చింది. ఆ పిల్ల బొమ్మను ముట్టే ముందు సారు మొఖం చూసింది. దోస్తులారా, ఆ చూపు నాకు తెలుసు. మీలో చాలామందికి తెలుసు.

ముట్టింది. ముందుకు, ముందుకు, కుడికి, ముందుకు, ముందుకు, ముందుకు. పచ్చ బటన్. ఆమె లెక్క సరైనదే. ఈ బొమ్మతో అందరూ ఒక చోట బోల్తా పడతరు: కుడి బాణం నొక్కితే కుడి పక్క గడిలోకి పోతదనుకుంటరు. పోదు. ఉన్నచోటనే కుడికి తిరుగుతది, పోవాలంటే మళ్ళీ ముందుకు బాణం నొక్కాలె. లీడర్ పక్కోడు ఇక్కడే తప్పు చేసిండు, నేను కూడా ఇంట్లో మొదటిసారి ఇక్కడే తప్పు చేసిన. ఆ పిల్ల వెనుక కూర్చొని చూసుకుంటనే అది పట్టేసింది.

కానీ బొమ్మ బావి దిక్కు పోలేదు. నేరుగా పోయింది, పోతనే ఉన్నది, గళ్ళు దాటి మంచినీళ్ళ డ్రమ్ముకు గుద్దుకున్నది. పిల్లలంతా పకపకా నవ్విన్రు. సారు, కోపంతో కాదు, జాలితోనే, "వాళ్ళ ఇంట్ల చెప్పేటోళ్ళు లేరు లెండి" అన్నడు. ఆ పిల్ల చెయ్యి వెనక్కు తీసుకొని "నాకు రాదు సార్" అన్నది. పోయి మళ్ళీ అదే గోడకు ఆనుకొని కూర్చున్నది.

అసలు జరిగింది ఇది. ఈ బొమ్మకు జ్ఞాపకం ఉంటది. కొత్తగా మొదలుపెట్టే ముందు తుడిచేసే బటన్ ఒకటి నొక్కాలె. నొక్కకపోతే పాత హుకుములు దాని కడుపులో అట్లనే ఉంటయ్. కొత్తవి వాటి వెనుక పోయి కలుస్తయ్. ఆ పిల్ల కంటే ముందు లీడర్ రెండోసారి వచ్చి నాలుగు బాణాలు నొక్కి చెట్టు దాకా పంపి పోయిండు. అవి ఎవరూ తుడవలేదు. అంటే ఆమె నొక్కిన పచ్చ బటన్‌తో ముందు లీడర్ నాలుగు అడుగులు నడిచినయ్, ఆ తర్వాత ఆమె రెండు అడుగులు. ఆరు అడుగులు పోతే డ్రమ్మే కదా వచ్చేది.

మా చెల్లె అది గమనించి తుడిచే బటన్ నొక్కి, బొమ్మను మొదటి గడిలో పెట్టి, పిల్లను మళ్ళీ పిలిచింది. రమ్మంటే రాలేదు. బతిమిలాడితే వచ్చింది. మళ్ళీ అదే నొక్కింది, ఒక్క బాణం మార్చలేదు. బొమ్మ రెండు గళ్ళు పోయి, కుడికి తిరిగి, మూడు గళ్ళు పోయి బావి మీద ఆగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. చప్పట్లు కూడా కొట్టలేదు. ఇందాక అన్న మాటకు "తప్పైంది బిడ్డా" అని సారూ అనలేదు, నేనూ అనిపించలేదు. అది నా తప్పు. ఇంటికి వచ్చినంక గుర్తొచ్చింది.

నా మిత్రుడికి నేను చెప్పదలుచుకున్నది ఈ ముచ్చటలోనే ఉన్నది. కానీ ఆయన ముచ్చట్లతో ఒప్పుకునే మనిషి కాదు, సిద్ధాంతం కావాలె. సరే.

బడిలో మన పిల్లలకు ఇప్పటిదాకా నేర్పిన మొదటి పాఠం ఏంది? జవాబు తప్పు వస్తే తప్పు నీలో ఉన్నది. నీ ఇంట్లో ఉన్నది, నీ వాడలో ఉన్నది, నీ పుట్టుకలో ఉన్నది. "మీకు చదువు రాదురా" అన్న మాటలో 'మీకు' అంటే ఎవరో క్లాసులో అందరికీ తెలుసు. కోడింగ్‌లో మొదటి పాఠం దీనికి ఎదురు నిలబడతది. బొమ్మ తప్పు దారిన పోయిందంటే వరుసలో ఎక్కడో ఒక అడుగు తప్పింది. వెనక్కు పో, వెతుకు, దిద్దు, మళ్ళీ నడిపించు. కోడింగ్ చేసేటోళ్ళు దీన్ని డీబగ్గింగ్ అంటరు. లక్షల జీతం తీసుకునే ఇంజనీర్లు కూడా రోజూ చాలా సేపు చేసేది ఇదే పని. తప్పు చేసినందుకు వాళ్ళను ఎవరూ గోడకు ఆనుకొని కూర్చోమనరు. ఎనిమిదేండ్ల పిల్లకు ఈ పాఠం అందుడు, పద్దెనిమిదేండ్లకు ఇంజనీరింగ్ కాలేజీలో అందుడు ఒకటి కాదు. అప్పటికి "నాకు రాదు" అన్నది ఎముకల్లోకి పోయి ఉంటది.

ఈ ఆలోచన కార్పొరేటోళ్ళది కూడా కాదు. పిల్లలు కంప్యూటర్‌కు హుకుం ఇయ్యాలె అని 1967లోనే లోగో అనే భాష తయారు చేసిన్రు. వాలీ ఫోయెర్జైగ్, సింథియా సాలమన్, సేమర్ పాపర్ట్ అనేటోళ్ళు. తెర మీద, నేల మీద తిరిగే తాబేలు ఒకటి ఉండేది, ఈ తేనెటీగకు తాత అనుకోండి. పాపర్ట్ దక్షిణాఫ్రికాలో పుట్టినోడు, తెల్లవాడు, వయసులో జాతి వివక్షకు వ్యతిరేకంగా పనిచేసినోడు. 1980లో రాసిన 'మైండ్‌స్టార్మ్స్' పుస్తకంలో ఆయన లేవనెత్తిన పంచాయితీ ఇదే: బడిలో కంప్యూటర్ పెట్టి పిల్లను దానికి తగ్గట్టు మలుస్తరా, లేకపోతే కంప్యూటర్‌ను పిల్ల చేతిలో పెట్టి ఆమె చెప్పినట్టు నడిపిస్తరా?

ఇప్పుడు మన రాష్ట్రం దిక్కు చూడండి. 2025లో తెలంగాణ ప్రభుత్వం ఎక్‌స్టెప్ ఫౌండేషన్‌తో కలిసి కొన్ని ప్రాథమిక పాఠశాలల్లో మూడు నుంచి ఐదు తరగతుల పిల్లలకు ఏఐ సాయంతో చదువుడు, లెక్కలు నేర్పే కార్యక్రమం మొదలుపెట్టింది. పిల్ల కంప్యూటర్ ముందు కూర్చుంటది, అది ప్రశ్న అడుగుతది, పిల్ల జవాబు చెప్తది, ఎంత వచ్చిందో అది కొలుస్తది. దీనితో కొందరికి చదువుడు వస్తే సంతోషమే, నేను అడ్డం పడను. కానీ ఇందులో హుకుం ఎవరిది? పిల్ల చేతిలో ఏమున్నది? నా భయం ఒక్కటే. నానక్‌రాంగూడ పక్కన ఇంటర్నేషనల్ బడి పిల్లగాడు రోబోకు దారి చెప్పుడు నేర్చుకుంటడు. నంగునూరు పిల్ల రోబో చెప్పింది వినుడు నేర్చుకుంటది. ఇద్దరికీ 'టెక్నాలజీ' అందిందని సర్కారు లెక్క రాసుకుంటది.

ఇంకో లెక్క. జాతీయ విద్యా విధానం 2020లో కోడింగ్ ఎప్పటి నుంచి అన్నరు? ఆరో తరగతి నుంచి. అటల్ టింకరింగ్ ల్యాబులు ఎవరికి? ఆరు నుంచి పన్నెండు తరగతులకు. ఒక్కో ల్యాబుకు ఇరవై లక్షల దాకా ఇస్తరు. మన సాంఘిక సంక్షేమ గురుకులాలు ఎక్కడి నుంచి మొదలు? ఐదో తరగతి నుంచి, అదీ ప్రవేశ పరీక్ష రాసి సీటొస్తే. మొయినాబాద్‌లో మన గురుకుల సొసైటీ ఆడపిల్లలకు కోడింగ్ అకాడమీ పెట్టింది, రాస్ప్‌బెర్రీ పై ఫౌండేషనోళ్ళు పాఠాలు తయారు చేసి ఇచ్చిన్రు. మంచి పని, గర్వపడాల్సిన పని. కానీ అది ఒక్క చోట. మరి ఒకటి నుంచి నాలుగు దాకా వాడ పక్క బడిలో కూర్చున్న పిల్లకు ఏమున్నది? ఆ నాలుగేండ్లలోనే కదా "నాకు రాదు" అన్న మాట పుట్టేది. ప్రవేశ పరీక్షలో నెగ్గి గురుకులానికి పోయిన పిల్ల ఫొటో మనం షేర్ చేస్తం. నెగ్గని పిల్లల ఫొటోలు ఉండయ్.

ఇంగ్లండ్‌లో 2014 సెప్టెంబర్ నుంచి ఐదేండ్ల వయసు పిల్లలకే కంప్యూటింగ్ పాఠంగా ఉన్నది. 2016లో బీబీసీ వాళ్ళు మైక్రోబిట్ అనే చిన్న బోర్డు, అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది, ఇరవై ఐదు చిన్న దీపాలు, రెండు బటన్లు, దాదాపు పది లక్షల బోర్డులు బడి పిల్లలకు ఉచితంగా పంచిన్రు. బడికి ఒకటి కాదు, ఏడో తరగతిలో పిల్లకు ఒకటి. తర్వాత 2023లో ప్రాథమిక పాఠశాలలకు ఒక్కో బడికి ముప్పై చొప్పున ఇచ్చుడు మొదలుపెట్టిన్రు. బడికి ఒకటి ఇస్తే అది సారు బీరువాలోకి పోతది, లేదా లీడర్ చేతిలోకి పోతది. ముప్పై ఇస్తే వెనుక గోడ దాకా వస్తది. వాళ్ళ దేశంలో కులం లేకున్నా ఈ సంగతి వాళ్ళకు అర్థమైంది.

మనకు అర్థం కావడానికి ఇంగ్లండ్ దాకా పోనక్కరలేదు. సతారా బడిలో బాబాసాహెబ్ అంబేడ్కర్‌కు దాహమైతే నల్లా తిప్పే హక్కు లేదు. ప్యూను వచ్చి తిప్పాలె. ప్యూను లేని రోజు నీళ్ళు లేవు. ఆయన కూర్చునే గోనె సంచి ఆయనే ఇంటి నుంచి తెచ్చుకొని ఇంటికి తీసుకపోవాలె. ఆ నల్లాలో నీళ్ళు లేక కాదు కదా ఆయన దాహంతో ఉన్నది. బడిలో ఒక వస్తువు ఉన్నదంటే అందరికీ ఉన్నట్టు కాదు. దాన్ని ఎవరు ముడతరు, ఎవరి అనుమతితో ముడతరు అన్నది చూడాలె.

నా చిన్నప్పుడు మా ఉన్నత పాఠశాలలో కంప్యూటర్ రూం ఉండేది. చెప్పులు విప్పి లోపలికి పోవాలని బోర్డు. మాలో కొందరికి విప్పడానికి చెప్పులే లేవు, అది వేరే ముచ్చట. వారానికి ఒకసారి తాళం తీసేది. ఊడ్చి తుడవడానికి మమ్మల్ని పిలిచేది, ముగ్గురిని, ఏ ముగ్గురినో చెప్పనక్కరలేదు. మానిటర్ మీద గుడ్డ తీసి దుమ్ము దులిపి మళ్ళీ గుడ్డ కప్పుడు నాకు బాగా వచ్చు. బటన్ నొక్కుడు పదో తరగతి అయిపోయే దాకా రాలేదు. అందుకే నంగునూరు బడికి పోయినప్పుడు మొట్టమొదట అడిగింది, వరండా ఎవరు ఊడుస్తరు అని.

ఇక కార్పొరేటోళ్ళ సంగతి. ఇందులో నా మిత్రుడికీ నాకూ తగాదా లేదు. 2020 లాక్‌డౌన్‌లో వైట్‌హ్యాట్ జూనియర్ ప్రకటనలు గుర్తున్నయా? ఆరేండ్ల పిల్లలు యాప్‌లు చేస్తరట, పెట్టుబడిదారులు ఇంటి ముందు కొట్టుకుంటరట. కోట్ల జీతం తెచ్చుకున్న పిల్లగాడని ఒక పేరు ఊరంతా తిప్పిన్రు, తీరా చూస్తే అది కల్పిత పాత్ర. ప్రకటనల ప్రమాణాల మండలి చెప్తే కొన్ని ప్రకటనలు తీసేసిన్రు. ఆ కంపెనీని బైజూస్ 30 కోట్ల డాలర్లకు కొన్నది, ఆ తర్వాత ఆ బైజూసే దివాలా విచారణకు పోయింది. మధ్యతరగతి అమ్మానాన్నల భయాన్ని నెలకింత అని అమ్ముకున్నరు. దాన్ని నేను చదువు అనను.

కానీ కామ్రేడ్, దొంగ సరుకు అమ్మినోడు ఉన్నడని అసలు సరుకు మన పిల్లలకు వద్దంటవా? ఇంగ్లీష్ మీడియం అప్పుడు కూడా ఇదే జరిగింది. 2019లో ఆంధ్రప్రదేశ్ సర్కారు ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీష్ మీడియం అనంగనే అమ్మభాష ప్రేమికులు ఎందరు లేచిన్రో చూసినం కదా. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ జీవో కొట్టేస్తే పండుగ చేసుకున్నరు. అందులో ఎంతమంది మనుమలు తెలుగు మీడియంలో చదువుతున్నరు? ఆ ప్రశ్న అడిగితే వ్యక్తిగతం అంటరు. తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీష్ మీడియం వచ్చింది. లోపాలున్నయ్, వాటి గురించి పోయిన రెండు భాగాల్లో రాసిన. కానీ ఆ తలుపు ఇంకొకరు మన కోసం మూసి ఉంచే హక్కు లేదన్నది తేలిపోయింది.

"ముందు చదువుడు రానీ, తర్వాత కోడింగ్" అంటరు. చదువుడు రావట్లేదన్నది నిజం. అసర్ 2024 నివేదిక ప్రకారం దేశంలో పల్లెల్లోని ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినోళ్ళు 23.4 శాతమే. గుండె కలుక్కుమంటది. అయితే ఆ బొమ్మ మీద బాణాలకు అక్షరాలు అక్కరలేదు. లెక్కపెట్టుడు కావాలె, కుడి ఎడమ తెలవాలె, 'ముందు ఇది, తర్వాత అది' అని మాటల్లో చెప్పగలగాలె. ఇవన్నీ చదువుకు దారులే, అడ్డాలు కావు. గళ్ళలో బావి, చెట్టు బొమ్మల బదులు 'క', 'గ' రాసి బొమ్మను 'గ' దగ్గరికి పంపమంటే అక్షరాల పాఠం అయితది. మా తమ్ముడు రెండోసారి పోయినప్పుడు అదే చేసిండు. ఆ పూట ఏ పిల్లా మూత్రానికి పోతనని లేవలేదు.

"ముందు మరుగుదొడ్డి, ముందు టీచరు" అంటరు. వాటి కోసం కొట్లాడుతనే ఉన్నం. విద్యాహక్కు చట్టం ప్రకారం అరవై మంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలలో కూడా ఇద్దరు టీచర్లుండాలె. దేశంలో ఏకోపాధ్యాయ బడులు లక్షకు పైగా ఉన్నయ్. నంగునూరు మండలంలో ఏ బడిలో ఎందరున్నరో మన పిల్లలే సైకిళ్ళ మీద తిరిగి లెక్క తీయాలె, ఆ పని మొదలైంది. కానీ 'ముందు' అన్న మాట మనకు ఎప్పటి నుంచి చెప్తున్నరు? భాగ్యరెడ్డి వర్మ 1910లో హైదరాబాద్ ఇసామియా బజార్‌లో మన పిల్లలకు బడి పెట్టిండు. అప్పుడు మనోళ్ళకు తిండి ఉండెనా, బట్ట ఉండెనా? ముందు అవి రానీ అని ఆయన ఆగలేదు. వాళ్ళ పిల్లలకు అన్నీ ఒకేసారి అందుతయ్. మన పిల్లలకు మాత్రం ఒకటి అయినంకనే ఒకటి.

ఇంకో దిక్కు నుంచి కూడా ఒక తప్పు ఉన్నది, అది మన దిక్కుదే. కోడింగ్ వస్తే కులం పోతదని నేను అంటలేను. 2020లో కాలిఫోర్నియా రాష్ట్రం సిస్కో కంపెనీ మీద కేసు వేసింది, ఒక దళిత ఇంజనీరు మీద పైకులపోళ్ళు వివక్ష చూపిన్రని. ఆ ఇంజనీరుకు కోడింగ్ రాకనా? 2023లో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించాల్సి వచ్చింది, ఎందుకంటే సాఫ్ట్‌వేర్‌తో పాటు కులం కూడా విమానమెక్కి పోయింది. సిద్దిపేటలో 2023 జూన్‌లో ఐటీ టవర్ తెరిచిన్రు. నంగునూరు నుంచి బస్సెక్కితే గంటలోపు పోతం. ఆ మెట్లెక్కే మన వాడ పిల్ల చేతిలో కీబోర్డు ఉంటదా, చీపురు ఉంటదా అన్నది బొమ్మలు తేల్చయ్. పోరాటమే తేలుస్తది. కానీ ఆ పోరాటం చేసే పిల్ల "నాకు రాదు" అని పెరిగితే కొట్లాడే గొంతు ఎక్కడి నుంచి వస్తది?

ఇక్కడ ఒక మాట పక్కకు పోయి చెప్తా. మొన్న ఒక సభలో ఒకాయన డప్పు దరువే మొదటి కోడింగ్ అని మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్నడు. దరువులో ఒక వరుస మళ్ళీ మళ్ళీ వస్తది, నిజమే, కోడింగ్‌లో దాన్ని లూప్ అంటరు. పిల్లలకు లూప్ చెప్పడానికి దరువు కొట్టి చూపిస్తే సులువుగా అర్థమైతది, మేమూ చేసినం. సిద్దిపేట గొల్లభామ చీరలో బొమ్మ దిగాలంటే పోగులు లెక్కపెట్టాలె. 1804లో ఫ్రాన్స్‌లో జకార్డ్ మగ్గం చిల్లుల అట్టలతో నడిచింది, తొలి కంప్యూటర్లు ఆ చిల్లుల అట్టలనే అరువు తెచ్చుకున్నయ్. నంగునూరు మండలం నర్మెటలో బయటపడ్డ పాతకాలపు సమాధి మీది బండ నలభై టన్నుల పైమాటే అంటరు. ఏ రాయి ముందు, ఏ రాయి వెనుక అన్న వరుస తెలవకుండ దాన్ని ఎవరూ లేపలేరు. ఇవన్నీ పిల్లలకు చెప్పాలె. కానీ చప్పట్లు కొట్టినంక బొమ్మను లీడర్ చేతికి, డప్పును మన పిల్ల చేతికి ఇస్తే మాత్రం నేను ఆ సభలోంచి లేచి వస్తా. మన తాతలకు ఇవన్నీ తెలుసు అన్న పొగడ్త, మన పిల్లలకు ఇయ్యాల్సింది ఇయ్యకుండ ఉండడానికి సాకు కావద్దు.

మరి ఏం అడగాలె? అందరికీ ల్యాప్‌టాప్ అనే డిమాండ్ నాది కాదు, దాంతో కాంట్రాక్టరు బాగుపడతడు. మైక్రోబిట్ ఒకటి మన దగ్గర రెండు వేలు, అటూ ఇటూ. ఒక్క అటల్ ల్యాబుకు పెట్టే ఇరవై లక్షల్లో పదో వంతు, రెండు లక్షలు తీసుకున్నా నూరు బోర్డులొస్తయ్. బడికి పది చొప్పున పది ప్రాథమిక పాఠశాలలు. ఇద్దరు ముగ్గురు పిల్లలకు ఒకటి. దానికి కోడ్ ఎక్కించడానికి సారు ఫోన్ చాలు. ఒకటి, రెండు తరగతులకు బాణాల బొమ్మలు. సొమ్ము ఎక్కడిదంటే, 2017లో చేసుకున్న ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక ప్రగతి నిధి చట్టం ఉన్నది కదా. ఆ నిధి రోడ్లకు, ఫ్లైఓవర్లకు అని రాసుకుంటుంటే చూస్తున్నం. వాడ పక్క బడికి రాయమని అడుగుదాం. టీచర్లకు శిక్షణ కావాలె, పైనుంచి ఇంకో యాప్ కాదు. ఉన్న యాప్‌లలో ఫొటోలు ఎక్కించుకుంటనే వాళ్ళ పొద్దు గూకుతున్నది.

డబ్బు కంటే కష్టమైనవి కొన్ని ఉన్నయ్. బొమ్మ ముట్టే వరుస రోజూ మారాలె, రాసి గోడకు అతికించాలె. వెనుక కూర్చున్నోళ్ళతో మొదలు కావాలె. ఊడ్చుడుకు కూడా వరుస ఉండాలె, లీడర్ పేరు కూడా అందులో ఉండాలె. బొమ్మ బీరువాలో కాదు, కిటికీ మీద ఉండాలె. విరిగితే విరగనీ. పిల్ల చేతిలో విరిగిన బొమ్మకు రిజిస్టర్‌లో సారు సంజాయిషీ రాయాల్సిన పని లేదని మండల విద్యాధికారి కాగితం మీద రాసియ్యాలె. చాలా బడుల్లో వస్తువులు మూలకు పడేది కులం వల్లనే కాదు, ఈ భయం వల్ల కూడా. సార్ల పక్షాన ఈ మాట మనమే అడగాలె.

మూడోసారి పోయినప్పుడు బీరువాకు తాళం ఉన్నది. సారు ట్రైనింగుకు పోయిండు, తాళంచెవి ఆయన జేబులో పోయింది. ఆ పూట బొమ్మ లేకుండనే ఆడినం. వాడలోకి పోతే ఆ పిల్ల వాళ్ళ ఇంటి ముందట బొగ్గుతో గళ్ళు గీసి తమ్ముణ్ణి నిలబెట్టింది. వాడు బాలవాడికి పోయే పిల్లగాడు. "ముందుకు, ముందుకు, కుడికి తిరుగు" అంటున్నది. వాడు కుడికి తిరగమంటే ఎడమకు తిరిగి నవ్వుతున్నడు. ఆమె వాణ్ణి కొట్టలేదు, తిట్టలేదు. "ఆగు, మళ్ళ మొదటి నుంచి" అని వాణ్ణి తెచ్చి మొదటి గడిలో నిలబెట్టింది.

వచ్చే శనివారం నాలుగోసారి పోతున్నం. సిద్దిపేట కాలేజీల్లో చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఎవరైనా వస్తమంటే పొద్దున ఎనిమిదిన్నరకు పాత బస్టాండ్ దగ్గర ఉండండి. కోడింగ్ రాకున్నా పర్వాలేదు, మాకూ అంతంతే వచ్చు. సుద్దముక్కలు ఒక డబ్బా, చిన్న సెల్లు బ్యాటరీలు ఆరు పట్టుకరండి. తాళంచెవి సంగతి నేను ముందురోజే సారుతో మాట్లాడి పెడతా.

బడుల లెక్క తీసిన పిల్లలు రాసిన కాగితాలు వచ్చే భాగంలో పెడతా.

జై భీం.